ఈరక్క సమ్మెట చప్పుడు

పొద్దున లేవగానే ఈరక్క చేసే మొదటి పని చీలలు తుడుచుకోవడం. నాలుగు ఇనుపవి, మూడు తుమ్మచేవతో చెక్కినవి. ఒక కొన గొడ్డలి అంచులా పలుచగా, ఇంకో కొన పిడికిలంత మందంగా ఉంటాయి. పాత చీరముక్కతో ఒక్కొక్కదాన్నీ తుడిచి గోతాంలో వేసి, వాటి మీద సమ్మెట, గొడ్డలి, కొడవలి పెట్టి మూతి బిగించి కట్టేది. అంతలో పొయ్యిమీద టీ పొంగేది. ఒకటే గ్లాసు. తాగి, దాన్ని కడిగి బోర్లించి, తలుపుకు గొళ్ళెం పెట్టి బయలుదేరేది. తాళం మాత్రం వేసేది కాదు. ఎవరన్నా వస్తే లోపల నీడన కూచుంటారులే అనుకునేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆమె పల్లె పెనుకొండకు ఆరు కిలోమీటర్లు. ఊరి మిట్టమీద నిలబడితే ఒకపక్క కొండమీద కోటగోడలు, ఇంకోపక్క హైవేమీద బారులు తీరిన లారీలు కనిపిస్తాయి. ఇప్పుడు చెట్టు పడగొట్టాలంటే అందరూ పెట్రోలు రంపమే తెస్తారు. అయితే రంపం మానును అడ్డంగా కోసి పారేస్తుంది గానీ, మెలితిరిగిన చింతమొద్దును నిలువునా చీల్చాలంటే దానికి ఓపిక చాలదు. ఆ పనికి చీలలే కావాలి. హిందూపురంలో పెళ్ళి వంటలకైనా, గోరంట్ల పక్క ఇటుకల బట్టీలకైనా చీల్చిన కట్టెలనే అడుగుతారు. అందుకని ఈరక్కకు పని తప్పలేదు.

పని నేర్పింది మొగుడు రామప్ప. ఆమె కాపురానికొచ్చిన రెండో నెలలోనే ఒకరోజు చేతికి సమ్మెటిచ్చి, "ఊరికే కూచుంటే పొద్దు పోదుగానీ, ఇట్లా రా మే" అన్నాడు. మొద్దు కోసిన మొఖం మీద ఎండకు నెర్రె విడిచిన చోటు వెతకాలి. అందులో మొదటి చీల ఆనించి చిన్నగా రెండు దెబ్బలు వేయాలి. అది నిలబడినాక గట్టిగా కొట్టాలి. నెర్రె జానెడు పాకితే దాని ముందర రెండో చీల పెట్టాలి. రెండోది దిగేసరికి మొదటిది వదులై చేతికొచ్చేస్తుంది. దాన్ని తీసి మళ్ళీ ముందుకు జరపాలి. అట్లా ఒకటి మార్చి ఒకటి నడుచుకుంటూ పోతే ఎంత మొద్దయినా చివరికి రెండుగా విచ్చుకుంటుంది. ముడి ఎదురైతే దాన్ని కొట్టకూడదు, పక్కనుంచి పోవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైంది చెవి. చీల ఠంగుమంటే దిగుతున్నట్టు. దబ్బుమంటే మాను పట్టేసినట్టు, అప్పుడు ఆగాలి.

పిల్లలు లేరు. ఇద్దరూ కలిసి ఇరవైరెండేళ్ళు ఒకే మొద్దుకు చెరోపక్క నిలబడి బతికారు.

తొమ్మిదేళ్ళ కిందట, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, రామప్ప ఒక పెద్ద వేపచెట్టు కొట్టడానికి ఒప్పుకున్నాడు. తూర్పుకు వాలాలని ఆ పక్క గంటు పెట్టి, పడమటి నుంచి రంపం వేసి, కోతలో రెండు చీలలు దిగ్గొడుతున్నాడు. మూడో చీల పెట్టబోయేంతలో గాలి తిరిగింది. మాను మొదట్లోనే మెలిపడి పడమటికి వాలింది. రామప్ప పడమటే ఉన్నాడు.

పదకొండో రోజు చుట్టాలందరూ వెళ్ళిపోయాక, పెరట్లో రామప్ప సగం చీల్చి వదిలేసిన మొద్దు ఈరక్క కంటబడింది. ఊరికే చూస్తూ ఉండలేకపోయింది. సమ్మెట ఎత్తి చీల మీద వేసింది. దెబ్బ పడింది, చేతులు అదిరాయి, నెర్రె పాకింది. చప్పుడు మాత్రం రాలేదు. ఇంకోటి వేసింది. రాలేదు. చెవులు పోయాయేమో అనుకుంది. కానీ గోడమీద కోడి కొక్కొరకోమంటే బాగానే వినిపించింది. పెరటిగోడ అవతల టీ అంగట్లో పాలు కాస్తున్న కుళ్లాయప్ప కూడా చూశాడు.

"దెబ్బ పడతాండాది గానీ చప్పుడు రాలేదే అక్కా."

"రాలేదప్పా" అంది ఈరక్క.

అంతే. ఊర్లో దాన్ని గురించి ఎవరూ పెద్దగా అనుకోలేదు. పైగా అదీ ఒక సౌకర్యమయింది. బాలింత ఉన్న ఇంట్లో, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంట్లో, మంచంపట్టిన ముసలాయన ఉన్న ఇంట్లో కట్టెలు చీల్చాలంటే ఈరక్కనే పిలిచేవాళ్ళు. ఉయ్యాల పక్కనే ఆమె మొద్దు చీల్చేది, బిడ్డ కదిలేది కాదు. మాను పగిలే పటపట మాత్రం మెల్లగా వినబడేది. సమ్మెట ఊసే ఉండేది కాదు.

చెవితో చేసే పనిని ఆమె కాళ్ళకు నేర్పుకుంది. చెప్పులు విడిచి ఒక పాదం మొద్దుమీద ఆనించి కొట్టేది. చీల దిగుతుంటే అరికాలికి సన్నటి వణుకు తెలిసేది. పట్టేస్తే రాయిమీద కాలు పెట్టినట్టుండేది. పని అట్లా సాగిపోయింది. సాయంత్రాలే సాగేవి కావు. ఇంటికొచ్చి సంగటి కెలికి తిని, గడపలో కూచుంటే వీధిలో అందరూ పలకరిస్తూనే పోయేవాళ్ళు. "తిన్యావా ఈరక్కా?" "తింటి." ఆ ఒక్క మాటతో ఆమె ఆ రోజుకు మాట్లాడటం అయిపోయేది.

మొన్న మార్చిలో ఒకరోజు ఆమె పనినుంచి వచ్చేసరికి గడపలో ఎవరో ఆడమనిషి కూచుని ఉంది. అరవై ఏళ్ళుంటాయి. పలుచటి మనిషి, ముతక చీర, కళ్ళద్దాలు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. ఆమెను చూడగానే లేచి నిలబడింది.

"ఈరక్కంటే నువ్వేనా?"

"నేనే. లోపల కూచోకపోయినావా అక్కా, గొళ్ళెమే గదా, తాళం లేదు."

"కూచునేకి రాలే. ఏమ్మే, నీకు మనసనేది ఉండాదా? తొమ్మిదేండ్లనుంచి నా మగ్గం గుంతలో కొడతాండావే!"

ఈరక్క గోతాం దించి, ముఖం తుడుచుకుని, ఆమెవైపు చూసింది. "యాడిది అక్కా ఊరు?"

"ధర్మవరం."

"నేను ధర్మవరం మొఖమే చూడలేదు గదా."

"నువ్వు రాకుంటే ఏమి? నీ చప్పుడు వస్తాండాది గదా!"

ఆమె పేరు ఆదిలక్ష్మి. పట్టుచీరలు నేస్తుంది. ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద తను, ఇంకోదాని మీద చెల్లెలి కొడుకు మోహన్ నేసేవాళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు, కాళ్ళు గుంతలో పెట్టుకుని ఆమె జరీ అంచు నేస్తూ ఉంటే, కాళ్ళకిందనుంచే ఠంగుమని దెబ్బ పడింది. ఆమె ఉలిక్కిపడితే పడుగులో ఒక పోగు తెగింది. అతుకుకుంటుంటే ఇంకో దెబ్బ, ఇంకో పోగు. ఆ రోజునుంచి ఎప్పుడు పడుతుందో తెలీదు, పడిందంటే పోగు తెగాల్సిందే. గుంత పూడ్చి పక్కన తవ్వించినా దెబ్బ వదల్లేదు. మోహన్ మూడేళ్ళు ఓర్చుకున్నాడు. చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుందని పెళ్ళాం పోరితే, వేరే వీధిలో ఇల్లు తీసుకుని మగ్గం పీక్కుని పోయాడు. అప్పటినుంచి ఆమె ఒక్కతే. ఇంటికి ఎవరొచ్చినా రెండు దెబ్బలు పడగానే లేచిపోతారు.

మొన్న ఈ ఊరి అంగన్‌వాడీ టీచరు సుధ, తన చెల్లెలి పెళ్ళికి చీర కొనడానికి ఆదిలక్ష్మి ఇంటికి వచ్చింది. చూస్తూ ఉండగానే దెబ్బలు పడ్డాయి. "మా ఊర్లో ఒకామె కొడితే చప్పుడే రాదు. ఆ చప్పుళ్ళన్నీ ఈడికే వస్తాండాయేమో" అని సుధ మామూలుగా అనేసింది. ఆదిలక్ష్మి ఆ మాట పట్టుకుని బస్సెక్కింది.

ఈరక్క అంతా వింది. తన దెబ్బలు ఇన్నేళ్ళూ ఒక చోటికి పోతున్నాయని ఆమెకు తట్టనేలేదు. పోయాయంతే అనుకుంది.

"ఎట్లుంటాది అక్కా?"

"ఏది?"

"చప్పుడు."

"ఎట్లుంటాదా? నెత్తిమీద పిడుగుపడినట్లుంటాది!" ఆదిలక్ష్మి రెండు చేతులూ జోడించింది. "ఆపెయ్ మే తల్లీ. నీకు దండం పెడతా."

"ఆపితే నేను తినేదేమి అక్కా? నాకు ఇంకో పని రాదు."

"నాకు మాత్రం వస్తాదా?"

ఇద్దరూ గడపకు చెరోపక్క కూచున్నారు. ఈరక్క లేచి టీ పెట్టింది. ఒకటే గ్లాసుండేది గనుక ఆమెకు గ్లాసులో ఇచ్చి తను చెంబులో పోసుకుంది. టీ అయ్యేలోపు ఒక ఒప్పందానికొచ్చారు. పొద్దున ఆరునుంచి తొమ్మిదివరకు ఈరక్క కొట్టుకోవచ్చు. ఆ వేళకు ఆదిలక్ష్మి మగ్గం జోలికి పోకుండా కండెలు చుట్టుకుంటుంది. తొమ్మిదినుంచి మాపటేల నాలుగువరకు ఒక్క దెబ్బ కూడా పడకూడదు. మళ్ళీ నాలుగునుంచి ఆరు. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. ఆదిలక్ష్మి ఆఖరి బస్సుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "మాట తప్పద్దు" అంది.

ఈరక్క మాట తప్పలేదు. కానీ ఆదిలక్ష్మి ఫోన్ చేయడం మాత్రం మానలేదు. రోజూ ఏడింటికి, ఇద్దరి తిండీ అయ్యే వేళకు చేసేది. మొదట్లో అన్నీ తిట్లే.

"ఈపొద్దు తొమ్మిదీ ఐదుకు ఒకటి పడింది."

"నా ఫోన్లో తొమ్మిది కాలేదక్కా."

"నీ ఫోన్ తగలెయ్."

తర్వాత తర్వాత తిట్లు పలుచబడ్డాయి. "మాపటేల కొట్టలేదే, జ్వరమా?" అని అడిగేది. "ఏం మానది? ఈపొద్దు దెబ్బలు మెత్తగా పడినాయి" అనేది. కానుగ అని ఈరక్క చెప్పేది. కొన్నాళ్ళకు చెప్పకముందే ఆదిలక్ష్మి కనుక్కోవడం మొదలుపెట్టింది. "ఈపొద్దు తుమ్మ గదూ?" అనేది. ఒకసారి తప్పయితే రెండు రోజులు ఉక్రోషంగా ఉండేది. కంపెనీ మెసేజులు తప్ప మోగని ఫోన్‌ను ఈరక్క ఇప్పుడు ఛార్జింగ్ పెట్టి చూసుకుంటోంది. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేవాళ్ళు. అయినా గడపలో కూచుంటే పొద్దు అంతకుముందులా బరువుగా ఉండేది కాదు.

మే నెలలో గాలివానకు పాపన్న తోటలో చింతచెట్టు వేళ్ళతో సహా పడింది. పేరుకే తోట, ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, కొండ అంచున ఉన్న బీడు అది. కొమ్మలన్నీ రంపంతో కోసి పట్టుకుపోయారు. మొదలు మొద్దు మాత్రం నాలుగు రోజులైనా అట్లే ఉంది. పాపన్న వచ్చి ఈరక్కను పిలిచాడు.

పని మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున ఆమె ఒక్కతే ఆ మొద్దుమీద ఉంది. చింతచేవ ఇనుములాంటిది. నార ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటుంది. రెండు ఇనుప చీలలు దిగ్గొట్టేసరికి నెర్రె అరచేయి దూరేంత తెరుచుకుంది గానీ, లోపల రెండు చెక్కలనూ పట్టుకుని వేలిలావు నారలు అడ్డంగా ఉండిపోయాయి. ఇంకో పది దెబ్బలు వేస్తే అవే తెగుతాయి. పక్కనున్న చెట్టుకొమ్మకు తగిలించిన సంచిలోంచి ఫోన్ తీసి చూసింది. తొమ్మిది. ఫోన్ మళ్ళీ సంచిలో వేసింది.

నిన్న రాత్రి ఆదిలక్ష్మి చెప్పింది గుర్తుంది. "పెళ్ళికూతురి చీర మే. అంచు పని నడుస్తాండాది. ఈ వారం ఒక్క పోగు తెగినా అంచంతా వంకరపోతాది." అందుకని ఈరక్క సమ్మెట పక్కన ఆనించి కొడవలి తీసుకుంది. కొట్టకుండానే నారలు కోసేస్తే నాలుగింటికి తేలిగ్గా పోతుందనుకుంది. ఎడమచేయి నెర్రెలో పెట్టి నారను పట్టుకుని, కుడిచేత్తో కోయసాగింది. నాలుగు నారలు తెగాయి. ఐదోది తెగేసరికి మాను లోపల ఏదో సర్దుకుంది. పైచీల కప్పలా ఎగిరి అవతల పడింది. రెండో చీల పక్కకు ఒరిగి లోపలికి జారింది. నెర్రె మూసుకుంది.

కాసేపు ఆమెకు కళ్ళముందు ఏమీ కనిపించలేదు. తెప్పరిల్లాక చూసుకుంటే మణికట్టు బయట ఉంది, చేయి మానులో ఉంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు లోపలున్న ఖాళీలో కదులుతున్నాయి. మిగతా రెండూ ఉన్నట్టే తెలియడం లేదు. ఎగిరిన చీల నాలుగు బారల దూరంలో మెరుస్తోంది. గోతాం చెట్టుకింద ఉంది. సమ్మెట ఒక్కటే కుడిచేతికి అందింది.

అరిచింది. "ఓ పాపన్నా! ఎవరన్నా ఉండారా!" కొండ ఆ మాటనే తిరిగి ఇచ్చింది. గొర్రెలవాళ్ళు నీళ్ళకోసం కొండ అవతలికి తోలుకుపోయి వారమయింది. పాపన్న హిందూపురం సంతకు పోయాడు. గొంతు ఆరిపోయేదాకా అరిచి ఆగింది.

ఊర్లో ఇంకెవరైనా అయితే మొద్దుమీద సమ్మెటతో కొట్టేవాళ్ళు. ఆ చప్పుడు పల్లెదాకా పోయేది. తను ఎంత కొట్టినా ఇక్కడ వినబడదు. వినబడే చోట ఇప్పుడు ఆదిలక్ష్మి మగ్గంమీద కూచుని పెళ్ళికూతురి చీర అంచు నేస్తూ ఉంటుంది.

ఈరక్క కొట్టలేదు. ఎవరైనా రాకపోతారా అనుకుంది. ఎండ మొద్దు మీదికి పాకింది, తర్వాత ఆమె మీదికి. చీమలు వచ్చాయి. రామప్ప చెట్టుకింద పడి ఉన్నప్పుడు తాను పది అడుగుల దూరంలో ఉంది, అతని పేరు పెట్టి పిలిచింది. ఇక్కడ తనను పిలిచేవాళ్ళు లేరు. ఆ ఆలోచన రాగానే ఆమెకు నొప్పికంటే ఎక్కువ భయం వేసింది. ఇట్లా పోతే తన ఇంటి గొళ్ళెం రేపో ఎల్లుండో ఎవరో తీస్తారు, అప్పుడు తెలుస్తుంది.

"తప్పైంది అక్కా" అని పైకే అని, సమ్మెట ఎత్తి మానుమీద ఒక దెబ్బ వేసింది.

చప్పుడు రాలేదు. ఒక నిమిషం గడిచింది. కొమ్మకు వేలాడుతున్న సంచిలో ఫోన్ మోగింది.

ఈరక్క తలెత్తి చూసింది. ఆ మోత ఆగేంతవరకూ చూస్తూనే ఉంది. ఎత్తకపోతే ఆదిలక్ష్మికి కోపం ఎక్కువవుతుందని తెలుసు. ఇంకో దెబ్బ వేసింది. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి అది మోగుతున్నంతసేపూ కొట్టింది, ఒంటిచేత్తో, ఎంత బలముంటే అంత. మోత ఆగగానే తనూ ఆపింది.

కాసేపు ఏమీ లేదు. గాలి కూడా లేదు. తర్వాత ఫోన్ మూడోసారి మోగింది, రెండే రెండు మోతలు, ఆగిపోయింది. ఈరక్క రెండు దెబ్బలు వేసింది. మళ్ళీ మోగింది, నాలుగు మోతలు. నాలుగు దెబ్బలు వేసింది. ఇంక మోగలేదు. అర్థమయిందో లేదో ఆమెకు తెలియదు. సమ్మెట ఒళ్ళో పెట్టుకుని, తల మానుకు ఆనించుకుంది.

ముప్పావుగంటకు బీడులోకి మోటారుసైకిలు వచ్చింది. కుళ్లాయప్ప, వెనక సుధ మొగుడు రమేష్. కుళ్లాయప్ప గోతాం విప్పి, చీల తీసి నెర్రెలో పెట్టి, ఆమె ఒళ్ళోని సమ్మెట తీసుకుని కొట్టాడు. అతను కొడితే చప్పుడు కొండంతా మోగింది. మూడో దెబ్బకు మాను నోరు తెరిచింది.

పుట్టపర్తి ఆస్పత్రిలో చిటికెనవేలు, ఉంగరపువేలు తీసేశారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే చేయే పోయేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఎండలో అసలు మనిషే మిగిలేది కాదేమో అని కూడా అంది.

మరుసటిరోజు పొద్దున ఆదిలక్ష్మి వచ్చింది. అదే ముతక చీర, అదే ప్లాస్టిక్ సంచి. అందులో టిఫిన్ డబ్బా, బొరుగులు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూచుని, కట్టుకట్టిన చేతివైపు చూసి, తల పక్కకు తిప్పుకుంది.

"తిట్టేకే ఫోన్ చేసినా మే" అంది చివరికి. "మొదటి దెబ్బకే పోగు తెగింది. నా కోపం నీకు తెల్సు గదా. నువ్వెత్తలే. రెండోసారి చేస్తే, మోగినంతసేపూ దెబ్బలే. నాతో ఎగతాళి చేస్తాండాదా ఈ మనిషి అనుకున్యా. ఆపినాను, నువ్వూ ఆపినావు. అప్పుడు ఒళ్ళు జల్లుమనింది. రెండు రింగులిచ్చి చూస్తే రెండు. నాలుగిస్తే నాలుగు. ఎత్తలేకున్నావని తెలిసిపాయ. సుధకు చేస్తే, నువ్వు పాపన్న తోటకు పోయినావని చెప్పి, ఆమే మనుషుల్ని తోలింది."

"చీర ఏమాయ అక్కా?"

"ఏం చీర?"

"పెళ్ళికూతురిది."

"వాళ్ళు వేరేచోట తీసుకుంటామన్యారు. ఆ పడుగు అట్లే ఉండాది. రాత్రంతా కూచున్యా గానీ చేయి కదల్లేదు."

ఆదిలక్ష్మి డబ్బా మూత తీసి, తాలింపేసిన బొరుగుల ఒగ్గాణి ముందుపెట్టింది. ఆ రోజే కాదు, ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ రోజు మార్చి రోజు వచ్చింది. మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది.

ఇంటికొచ్చాక ఈరక్కకు గోతాం విప్పే పని లేకపోయింది. కుళ్లాయప్ప టీ తెచ్చి గడపలో పెట్టిపోయేవాడు. ఏడింటికి ఫోన్ వచ్చేది. ఒకరోజు ఆదిలక్ష్మి ఫోన్లో ఎంతకూ మాట్లాడలేదు.

"ఏమక్కా?"

"ఏం లేదు. నెలయింది గదా నువ్వు కొట్టి. ఇంట్లో అన్నం తింటాంటే నా నమిలే చప్పుడు నాకే ఇనపడతాండాది మే. ఛీ."

ఈరక్కకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులయిందని అప్పుడు తెలిసింది.

"ఈడ మా వీధి చివర పట్టు అద్దకం వాళ్ళుండారు" అంది ఆదిలక్ష్మి, ఏదో కూరగాయల సంగతి చెబుతున్నట్టు. "రంగుబానల కింద కట్టెలే కాల్చాల. చీల్చేవాళ్ళు దొరక్క తిప్పలు పడతాండారు. మోహన్ మగ్గం ఉన్న జాగా ఖాళీగానే ఉండాది."

"నాకు రెండు వేళ్ళు లేవక్కా."

"ఎనిమిదుండాయి గదా."

ఆషాఢంలో, కట్టు విప్పిన పదిరోజులకు, ఈరక్క గోతాం భుజాన వేసుకుని పెనుకొండలో ధర్మవరం బస్సెక్కింది. పోయేముందు తలుపుకు మొదటిసారి తాళం వేసి, తాళంచెవి కుళ్లాయప్పకిచ్చింది. ఉంటుందో వచ్చేస్తుందో ఆమెకే తెలియదు. రెండురోజులు చూసొస్తానని చెప్పింది. "పోయిరా అక్కా" అన్నాడు కుళ్లాయప్ప.

ఆదిలక్ష్మి ఇల్లు ఇరుకు వీధిలో ఉంది. పొడుగునా ప్రతి ఇంట్లోంచీ మగ్గాల టకటక వస్తోంది. ఈ ఇంట్లో ఒక మగ్గం, దాని పక్కన ఖాళీ నేల. నేలమీద కొత్తగా అలికిన చాప వెడల్పు చోటు. వెనక చిన్న పెరడు, అక్కడ అద్దకంవాళ్ళు దింపిపోయిన నాలుగు తుమ్మమొద్దులు. అన్నం తిన్నాక ఆదిలక్ష్మి మగ్గం గుంతలో దిగింది. ఈరక్క పెరట్లోకి వెళ్ళి గోతాం విప్పింది.

మొద్దు తిప్పి నెర్రె చూసింది. చీల నిలబెట్టడానికి ఎడమచేయి ముందులా లొంగలేదు. మూడు వేళ్ళతో పట్టుకోవడం కొత్తగా ఉంది. రెండుసార్లు జారింది. మూడోసారి నిలబడింది. చెప్పులు విడిచి, పాదం ఆనించి, సమ్మెట ఎత్తి వేసింది.

ఇంట్లోంచి ఠంగుమని మోగింది.

ఈరక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. ఎవరో లోపల కొట్టారనుకుంది. తలుపు వారగా ఉంది, లోపల చీకటిగా ఉంది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఇంట్లోంచే వచ్చింది, నిండుగా, గంటలా. ఆమె ఇక్కడ కొడుతోంది, ఇంట్లోంచి ఎవరో బదులు పలుకుతున్నట్టుంది. ఇరవైరెండేళ్ళు మొద్దుకు అవతలిపక్క నుంచి విన్న చప్పుడే అది. చీల దిగుతోందని, మాను ఒప్పుకుందని, ఇంకో దెబ్బ వేయొచ్చని చెప్పే చప్పుడు. ఆమె కాలుకు తెలిసేలోపే చెవికి తెలిసిపోయింది.

సమ్మెట దించి మొద్దుమీద కూలబడింది. వేపచెట్టు పడిన రోజున ఊరంతా ఏడ్చింది గానీ ఆమె ఏడవలేదు. పదకొండో రోజూ ఏడవలేదు. ఇప్పుడు తెలియని ఊర్లో, ఒకరి పెరట్లో, పట్టపగలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కింటి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఎవరూ తొంగిచూడలేదు.

లోపల్నుంచి ఆదిలక్ష్మి గొంతు వినబడింది. "ఏమ్మే, నిలిపినావు?"

"ఏం లేదక్కా."

ఆదిలక్ష్మి మళ్ళీ అంది. "రెండు పోగులు తెగినాయి. ఒగే ఇంట్లో ఉండి కొట్టేముందు ఒక మాట అనేకి కాదా? నేను చేతులు ఎత్తి పెట్టుకుంటా గదా."

ఈరక్క కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. రెండో చీల తీసి మొదటిదాని ముందర నిలబెట్టింది. ఈసారి ఒక్కసారికే నిలబడింది. సమ్మెట భుజం మీదికి ఎత్తి, తలుపువైపు తిరిగి గట్టిగా అడిగింది.

"అక్కా, కొట్టేదా?"

లోపల మగ్గం ఆగింది.

"ఊఁ" అంది ఆదిలక్ష్మి. "కొట్టు."